ఫ్రెండ్స్‌తో మొదటి పెద్ద ట్రిప్: హౌరా వైపా, ఢిల్లీ వైపా?

ఆముదాలవలసలో రైలెక్కితే హైదరాబాద్ ఎంత దూరమో హౌరా కూడా ఇంచుమించు అంతే, ఎనిమిది వందల కిలోమీటర్లకి అటూ ఇటూ. ఒక్క రాత్రి పడుకుంటే కలకత్తా. ఈ మాట చెప్తే మా వాళ్ళు నమ్మక ఫోన్లో మ్యాప్ తీసి చూసుకున్నారు. హైదరాబాద్‌లో మన చుట్టాలున్నారు, చదువులూ ఉద్యోగాలూ అక్కడే, అందుకని అది దగ్గర అనిపిస్తుంది, కలకత్తా అంటే ఎక్కడో ఉన్నట్టు ఉంటుంది. అందుకే మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు ఓ ఆరుగురు కలిసి బ్యాగులేసుకుని దేశం తిరుగుదాం అనుకోగానే ముందు నోటికొచ్చేది ఢిల్లీ, మనాలి. మేమూ 2022 జూన్లో అదే చేసాం, మనాలి దాటి హిమాచల్‌లోని స్పితి లోయ దాకా వెళ్ళాం. తర్వాత 2024 నవంబర్లో అదే ఆరుగురం హౌరా మీదుగా డార్జిలింగ్, గ్యాంగ్‌టక్ వెళ్ళొచ్చాం. రెండూ చూసాక నా మాట ఏంటంటే మొదటిసారి గుంపుగా వెళ్ళేవాళ్ళకి హౌరా వైపే మేలు.

ముందు ప్రయాణం సంగతి. విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పార్వతీపురం, రాయగడ, రాయ్‌పూర్ మీదుగా ఢిల్లీలో నిజాముద్దీన్ స్టేషన్ చేరేసరికి దగ్గర దగ్గర ఒకటిన్నర రోజు, అక్కడి నుంచి మనాలికి బస్సులో ఇంకో రాత్రంతా. అంటే పోనూ రానూ నాలుగైదు రోజులు దారికే అయిపోతాయి. హౌరా వైపు అలా కాదు, ఒక రాత్రికి కలకత్తా, పగలంతా ఊరు తిరగొచ్చు, మళ్ళీ రాత్రి అక్కడే సియాల్దా స్టేషన్లో రైలెక్కితే తెల్లారి న్యూ జల్పాయిగురి, అక్కడ షేర్ సుమో ఎక్కీసి మూడు నాలుగు గంటల్లో డార్జిలింగ్. రెండు రాత్రులూ బెర్తు మీదే పడుకున్నాం, రూమ్ డబ్బులు మిగిలాయి, ఒళ్ళు కూడా అలవలేదు. మాకు మనిషికి పది రోజులకి పన్నెండు వేలు అయింది, హిమాచల్ పదమూడు రోజులకి పద్దెనిమిది వేలు దాటింది.

ఇంకో సంగతి, అటు వైపు మన భాష చాలా దూరం వస్తుంది. ఇచ్ఛాపురం దాటగానే తెలుగు అయిపోతుందనుకుంటాం గానీ బరంపురంలో తెలుగు, ఖరగ్‌పూర్‌లో అయితే రైల్వే పనుల కోసం వెళ్ళి తరాలుగా స్థిరపడిపోయిన మనవాళ్ళు బోలెడుమంది. తెల్లవారుజామున ఖరగ్‌పూర్‌లో ఒక పెద్దాయన, ఆయన భార్య మా బోగీ ఎక్కారు. మేం మాట్లాడుకోవడం విని ఆవిడ "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగింది. నరసన్నపేట అన్నాం. ఆవిడది పాలకొండ దగ్గరట, మావగారి కాలంలోనే వచ్చీసారట. స్టీల్ డబ్బా మూత తీసి చేగోడీలు మా చేతుల్లో పెట్టి, అమ్మకి ఫోన్ చేసారా లేదా అని ఒక్కొక్కళ్ళనీ అడిగింది. ఆవిడ దిగిపోయాక కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఢిల్లీ దారిలో రాయగడ దాటాక మాకు అలాంటి మాట ఒక్కటీ వినపడలేదు.

తిండి కూడా అంతే. బయల్దేరేముందు "ఒరే, అక్కడ అన్నమేటి దొరుకుతాదిరా" అని మా అమ్మ ఒకటే బెంగ. ఒడిశా, బెంగాల్ రెండూ అన్నం, చేపల దేశాలే, పొఖాళొ అంటే మన చద్దన్నమే. హిమాచల్‌లో నాలుగో రోజుకే రాజ్మా, రొట్టె మొహం మొత్తీసి ఇద్దరికి కడుపులు పాడయ్యాయి.

అయితే స్పితిని తక్కువ చేస్తే కళ్ళు పోతాయి. అటల్ టన్నెల్ తొమ్మిది కిలోమీటర్లు, దానిలోకి దూరేముందు అటు పచ్చటి దేవదారు చెట్లు, బయటికొచ్చేసరికి ఇంకో లోకం, కుంజుం కనుమ దాటాక చెట్టన్నదే లేదు, గోధుమరంగు కొండలు, కింద బూడిదరంగు నది. సముద్రం ఒడ్డున పుట్టి, కొండ అంటే మందస వైపు నుంచి కనపడే మహేంద్రగిరే అనుకున్నవాళ్ళం మేము, దాని ఎత్తు 1501 మీటర్లు, స్పితిలో మేం దిగిన కాజా ఊరే దానికి రెండింతల పైన, పన్నెండు వేల అడుగుల దగ్గర ఉంటుంది. ఆ రాత్రి ఆకాశంలో ఉన్నన్ని చుక్కలు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కానీ అదే రాత్రి ఇద్దరికి తలనొప్పి, వాంతులు. మధ్యలో ఆగి ఒళ్ళు అలవాటు చేసుకుని ఎక్కాలి, మేం తెలీక మనాలి నుంచి ఒక్క ఊపున ఎక్కీసాం. డార్జిలింగ్ ఏడువేల అడుగుల లోపే, ఆ బాధ లేదు, పైగా అక్కడి చిన్న రైలు 1881 నుంచి నడుస్తోంది, ఇళ్ళ గుమ్మాల పక్కనుంచే పోతుంది.

నా మనసు తూర్పుకి తిరిగింది మాత్రం కాజాలో వచ్చిన ఫోన్ వల్ల. రెండో రోజు రాత్రి ఎనిమిదింటికి మాలో ఒకడికి ఇంటి నుంచి ఫోన్, నాన్న కల్లంలో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అన్నారు. సిగ్నల్ వచ్చీ రాక సగం మాటే వినపడింది, వాడు ఫోన్ పట్టుకుని చలిలో రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. తెల్లారి జీపులో మనాలి పది గంటలు, రాత్రి బస్సులో ఢిల్లీ, అక్కడ అందరం డబ్బులేసి విశాఖ ఫ్లైట్ ఎక్కించాం, అయినా హాస్పిటల్ గుమ్మం తొక్కేసరికి రెండు రోజులు దాటింది, ఆపరేషన్ అప్పటికే అయిపోయింది. నాన్న బాగానే ఉన్నారిప్పుడు. గ్యాంగ్‌టక్ నుంచి అయినా ఒకటిన్నర రోజు పడుతుంది, కాదనను, కానీ సిగ్నల్ ఉంటుంది, స్లీపర్ టికెట్టుతో వచ్చీయొచ్చు, ట్రిప్పులో కలకత్తా, పూరీ ఉన్న రోజుల్లో అయితే ఇంటికి ఒక్క రాత్రే. ఇంట్లో పెద్దవాళ్ళున్న కుర్రాళ్ళు ఇది ఆలోచించాల్సిందే.

టికెట్ల దగ్గర రెండు వైపులా ఒకటే చిక్కు. ఒక టికెట్ మీద ఆరుగురు, అదే తత్కాల్ అయితే నలుగురే. అందుకే ఆరుగురైతే హాయి, ఒకే బేలో ఎదురెదురుగా కూర్చోవచ్చు, ఏడో వాడు వచ్చాడంటే వాడికి వేరే టికెట్, వేరే బోగీ పడినా పడొచ్చు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే కాబట్టి ఆ మొదటి రోజే తీసీయండి. కొండ మీద సుమోలో పది మందిని ఎక్కిస్తారు, మధ్య సీటులో నలుగురు, ముందు ఇద్దరు అని ముందే చెప్పి కూర్చోండి, వెనక సీటులో వంకర రోడ్డు మీద కడుపులో తిప్పేస్తుంది. హిమాచల్‌లో మాత్రం గవర్నమెంట్ బస్సు దాదాపు ప్రతి పల్లెకీ పోతుంది, ఆ విషయంలో దానికే నా ఓటు.

సిక్కింలో చైనా సరిహద్దు దగ్గరి నాథులా కనుమకి, త్సోమ్గో సరస్సుకి వెళ్ళాలంటే పర్మిట్ కావాలి, ఓటర్ కార్డు, ఫొటోలు పట్టుకెళ్ళండి, నాథులా సోమ, మంగళవారాలు మూసేస్తారు, మేం ఆదివారం సాయంత్రం గ్యాంగ్‌టక్ చేరి రెండు రోజులు ఊరికే కూర్చున్నాం. నెల అంటారా, జులై, ఆగస్టు రెండు వైపులా కొండచరియలు పడతాయి, వద్దు. అక్టోబర్ బాగుంటుంది గానీ దసరాకి కలకత్తాలో నిలబడ్డానికి చోటుండదు, పైగా మనకి తుఫాన్ల నెల, 2018లో తిత్లీ పలాస వైపు ఏం చేసిందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నవంబర్ ఆఖర్లో వెళ్తే ఆకాశం తేటగా ఉండి కాంచన్‌జంగ కనపడుతుంది, మాకు నాలుగు రోజుల్లో మూడు రోజులు కనపడింది. నాన్నకి ఆపరేషన్ అయిందే, ఆ ఫ్రెండే పొద్దున్నే అందర్నీ లేపి మేడ మీదికి తీసుకెళ్ళి, అక్కడి నుంచే వాళ్ళ నాన్నకి వీడియో కాల్ చేసి ఆ కొండ చూపించాడు.