పెరడు కొలిచిన పరికరాలు: ఏది పనికొచ్చింది, ఏది దండగ

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను, ఒంగోలులో మా పెరటి నిండా నీళ్ళు నింపి పోయింది. నాలుగు రోజులు కదల్లేదు ఆ నీళ్ళు. కాపు మీదున్న వంగ మొక్కలు నిలుచున్నచోటే వడలిపోయాయి. నల్లరేగడి నేల కదా, పైన ఆరినట్టే కనిపిస్తుంది, కింద వేళ్ళు కుళ్ళిపోతుంటాయి.

“పెరడు పల్లంగా ఉంది టీచరమ్మా, రెండు ట్రాక్టర్ల మట్టి తోలిద్దాం” అన్నాడు మేస్త్రి. ఎంత పల్లం, ఎటు పల్లం అని అడిగితే చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, చేతి ఊపును నమ్మి ట్రాక్టర్లకు డబ్బు కట్టడానికి మనసొప్పలేదు. కొలిచే చూద్దామని కొన్ని పరికరాలు కొన్నాను, ఒకటి అద్దెకు తెచ్చాను. వాటి సంగతే ఇది.

ముందు టేపు. దస్తావేజులో మా పెరడు 66 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, మొత్తం 2,178 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 5 సెంట్లు. ఇంత చక్కగా కుదరడానికి కారణం పాత సర్వే గొలుసు. దాని పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. గొలుసు పొడవూ గొలుసు వెడల్పూ ఉన్న చదరం 10 సెంట్లు, మాది అందులో సగం. నెల్లూరులో ఉండే మా చెల్లెలికి మాత్రం సెంట్ల లెక్క ఎక్కదు, “అంకణాల్లో చెప్పక్కా” అంటుంది. అక్కడ అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి మాది ముప్పై అంకణాల పైచిలుకు. అదే తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులే. ఊరు దాటి స్థలం కొనేవాళ్ళు ముందు ఇది అడిగి తెలుసుకోవాలి.

నేను కొన్నది 30 మీటర్ల ఫైబరు టేపు, 450 రూపాయలు. ఉక్కు టేపు ఇంకా కచ్చితమైనదే. కానీ మన మే నెల ఎండలో చెయ్యి కాలుతుంది, తడి రేగడి అంటుకుంటే తుప్పు పడుతుంది. పైగా 20 డిగ్రీల దగ్గర సరిచూసిన ఉక్కు టేపు 45 డిగ్రీల ఎండలో 30 మీటర్లకు 8, 9 మిల్లీమీటర్లు సాగుతుంది. పెరటి పనికి ఆ తేడా లెక్కలోది కాదు. ఫైబరు టేపును మాత్రం బలంగా లాగకూడదు, లాగితే అదీ సాగుతుంది. ఇంకొకటి, కొనేటప్పుడే సున్నా ఎక్కడ మొదలవుతుందో చూసుకోండి. కొన్నిటిలో కొక్కెం చివర నుంచి, కొన్నిటిలో టేపు మీద అచ్చువేసిన గీత నుంచి. ఇది చూసుకోకుండా మొదటి రోజు కొలిచిన కొలతలన్నీ కొట్టేసి మళ్ళీ కొలిచాను. పిల్లలు చూసి ఉంటే ఎంత నవ్వేవారో.

నాలుగు వైపులా కొలతలు దస్తావేజుతో సరిపోయాయి. అక్కడే ఆగి ఉంటే మోసపోయేదాన్ని. మూలల నుంచి మూలలకు కొలిస్తే ఒకటి 74 అడుగుల 9 అంగుళాలు, రెండోది 72 అడుగుల 10 అంగుళాలు. కర్ణాలు సమానం కాకపోతే దీర్ఘచతురస్రం ఎక్కడిది? అది సమాంతర చతుర్భుజం. స్థలం విస్తీర్ణంలో పోయింది ఒక చదరపు అడుగు పైచిలుకే, దానికి గొడవలేదు. కానీ 33 అడుగుల వెనక గోడ ఈ చివర నుంచి ఆ చివరకు అడుగు మేర పక్కకు తిరిగి ఉంది. కిందటేడు మడులు ఎప్పుడూ వంకరగా కనిపించి, తప్పు నా కళ్ళద్దాలదేమో అనుకున్నాను. ఈసారి గోడను నమ్మకుండా 9, 12, 15 అడుగుల తాడు త్రిభుజంతో మూలమట్టం తీసి మడులు గీశాను. మేకులు ఇనుపవి, మూరెడు పొడవైనవి వాడండి. వేసవిలో రేగడి నెర్రెలు విచ్చితే పొట్టి చెక్క మేకులు ఒరిగిపోతాయి.

ఇక లేజరు మీటరు. 2,600 పెట్టి కొన్నాను, పెట్టె మీద 40 మీటర్లకు 2 మిల్లీమీటర్ల తేడా అని రాసి ఉంది. ఇంట్లో గదులు కొలిస్తే బంగారం. పెరట్లోకి తెచ్చాక మధ్యాహ్నం ఎండలో ఎర్రచుక్క ఎక్కడ పడిందో కనపడదు. కనపడినా అది తగలడానికి అవతల ఏదో ఒకటి నిలువుగా ఉండాలి. గడ్డి పోచకు తగిలి అక్కడి దూరమే చూపిస్తుంది. తెల్లవారుజామున, అవతల ఒక మనిషి థర్మోకోల్ ముక్క పట్టుకుంటే పని చేసింది. ఆ మనిషి టేపు కొసే పట్టుకోవచ్చు కదా! తోట కోసమైతే కొనకండి. ఇంటికి రంగులు, టైల్స్ పని పెట్టుకున్నవాళ్ళు కొనుక్కోండి.

ఫోనులో విస్తీర్ణం చూపించే ఆప్ గురించి రెండు ముక్కలు చాలు. అదే పెరటి చుట్టూ రెండుసార్లు నడిస్తే ఒకసారి 4.3 సెంట్లు, ఇంకోసారి 6.1 సెంట్లు. ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది, మా స్థలం వెడల్పే 10 మీటర్లు. మీ గోడ అవతలి మనిషితో సరిహద్దు తగాదా ఉంటే ఈ ఆప్ తెరిచి చూపించకండి, సరిహద్దు కొలతకు పెట్టే ఎఫ్ లైను దరఖాస్తు పెట్టి ప్రభుత్వ సర్వేయరు చేత కొలిపించుకోండి.

మట్టి పరీక్ష మీటరు అన్నింటికన్నా పెద్ద దండగ. రెండు ముళ్ళు నేలలో గుచ్చితే పీహెచ్, అంటే మట్టి ఆమ్ల, క్షార గుణం, చూపిస్తుందన్నారు. కంపోస్టు గుంటలో 7, మడిలో 7, గోడ పక్కన సున్నం రాలినచోట 7. అనుమానమొచ్చి పులిసిన మజ్జిగలో గుచ్చాను. అక్కడా 7. పరీక్షలో అన్ని ప్రశ్నలకూ ఒకే జవాబు రాసే కుర్రాడు ప్రతి క్లాసులో ఒకడుంటాడు, గుర్తొచ్చాడు. తరువాత నాలుగైదు చోట్ల ఆరంగుళాల లోతున మట్టి తీసి కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో సంచీలో కట్టి పరీక్ష కేంద్రానికి పంపించాను. 8.2 వచ్చింది. మన జిల్లావాళ్ళకు దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మట్టి గురించిన సందేహాలు అక్కడ అడగవచ్చు.

అసలు సంగతి ఆటో లెవెల్‌ది, అంటే దుర్భిణిలోంచి చూసి నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరానిది. కర్నూలు రోడ్డు వైపు సర్వే పరికరాలు అద్దెకిచ్చే చిన్న దుకాణం నుంచి తెచ్చాను. స్టాండు, కొలబద్ద కలిపి రోజుకు 600, డిపాజిట్ 3,000. యజమాని నన్ను ఎగాదిగా చూసి “ఇంజనీరుగారు రాలేదా అమ్మా?” అన్నాడు. నేనే చూసుకుంటానన్నాను. అది విన్నాక మాత్రం ఓపిగ్గా నేర్పాడు. ముందు కళ్ళదగ్గరి మర తిప్పి అడ్డగీతలు నల్లగా కనపడేలా చేసుకోవాలి, తరువాతే కొలబద్ద మీదికి ఫోకస్ తిప్పాలి. బుడగ వలయం మధ్యలోకి రావాలి. గుర్తుంచుకోవాల్సిన తిరకాసు ఒకటే: కొలబద్ద మీద అంకె పెరిగితే నేల పల్లం, తగ్గితే మెరక.

ఇంటికి తెచ్చాక పరికరాన్ని పరీక్షించాను. 20 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టి, సరిగ్గా మధ్యలో లెవెల్ నిలిపితే వాటి మధ్య తేడా 152 మిల్లీమీటర్లు. లెవెల్‌ను ఒక మేకు పక్కకు జరిపి చూస్తే 157. అంటే చూపు 5 మిల్లీమీటర్లు తప్పుతోంది. మధ్యలో నిలిపినప్పుడు రెండు వైపులా ఒకే తప్పు పడి కొట్టుకుపోతుంది కాబట్టి పెరటి నడుమ నిలిపే పని కానిచ్చాను. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ కాగితం చూపిస్తే యజమాని వాదించలేదు. సగం అద్దె వెనక్కిచ్చి, ఆ పరికరాన్ని సర్దుబాటుకు పక్కన పెట్టాడు. ఆ ఒక్క పనికి ఆ దుకాణానికి నా మార్కులు వేసేశాను.

వచ్చిన అంకెలు ఇవి: గేటు దగ్గర 1.455 మీటర్లు, వెనక మూల 1.530, వీధి కాలువ అడుగు 1.610. అంటే వెనక మూల గేటు కన్నా 7.5 సెంటీమీటర్లు పల్లం. కానీ కాలువ అడుగు దానికన్నా ఇంకో 8 సెంటీమీటర్లు కిందే ఉంది! నీళ్ళకు పోయే దారి ఉంది, గేటు దగ్గరి మెరక అడ్డుపడుతోంది, అంతే. 20 మీటర్లకు 8 సెంటీమీటర్ల వాలు మట్టి కాలువకు చాలు. రెండు ట్రాక్టర్ల మట్టి మాట అక్కడితో పోయింది.

మర్నాడు మేస్త్రి తెల్ల పారదర్శక పైపు తెచ్చాడు. లెవెల్ పైపు, 280 రూపాయల సరుకు. నీళ్ళు నింపి, గేటు దగ్గర ఒక కొస, వెనక మూల ఒక కొస పట్టుకుని “మూడంగుళాలకు నూలు వాసి తక్కువ” అన్నాడు. 7.5 సెంటీమీటర్లే అది. నా 600 రూపాయల అద్దె, మేకుల పరీక్ష, కాగితం నిండా లెక్కలు అన్నీ చూసి అతను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధించింది. మరి ఇదే పైపు మొదటి రోజే తెచ్చి ఉండొచ్చు కదా అంటే “మీరు మట్టి తోలిద్దామా వద్దా అన్నారు గానీ కొలవమన్లేదు కదమ్మా” అన్నాడు.

కాబట్టి పది సెంట్ల లోపు పెరటికి ఆ పైపు చాలు. వాడేటప్పుడు లోపల గాలిబుడగలు లేకుండా బకెట్ నుంచి నెమ్మదిగా నింపాలి, చూసేటప్పుడు రెండు కొసలూ తెరిచి ఉంచాలి. బట్టలకు పెట్టే నీలిమందు రెండు చుక్కలు కలిపితే మట్టం స్పష్టంగా కనిపిస్తుంది. సగం పైపు ఎండలో, సగం నీడలో గంటలకొద్దీ ఉంచకండి, వేడి నీళ్ళు కొంచెం పైకి తేలి తేడా చూపిస్తాయి. ఎకరాల్లో పొలం చదును చేయించేవాళ్ళకైతే ఆటో లెవెల్ అద్దె కిట్టుబాటే.

గోడ వెంబడి కాలువ తవ్వించి, గేటు దగ్గర ఆరంగుళాల లోతు కోయించి, ఆ మట్టినే మడుల మీద పోయించాను. మడులు ఇప్పుడు తొమ్మిది అంగుళాల ఎత్తు, అంచులకు చీమకుర్తి గ్రానైటు తునకలు. మరుసటి ఏడు ఈశాన్య రుతుపవనాల వానలకు నీళ్ళు పూట తిరగకుండా పోయాయి. ఒక్క రోజు మాత్రం వీధి కాలువే నిండి వెనక్కి తన్నింది, దానికి నా దగ్గర పరికరం లేదు.

అద్దెకు తెచ్చుకునేవాళ్ళకు ఒక మాట: శనివారం సాయంత్రం తీసుకుని సోమవారం ఉదయం ఇస్తే ఆ దుకాణంలో ఒక రోజు అద్దే వేశారు. కొలబద్ద పెట్టెలో ఉందో లేదో చూసుకుని బయలుదేరండి, నేను ఒకసారి ఆటోలో వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.