డౌనింజియా పూలు ఉచితం, పులిహోర వాసనకు 35 డాలర్లు

కాలిఫోర్నియాలోని జెప్సన్ ప్రెయిరీ అనే గడ్డిమైదానంలో పూలు చూపిస్తూ పొద్దున్నే గైడ్‌తో నడిపిస్తారని, ముందు రాత్రే హైవే పక్కన ఓ మోటెల్‌లో దిగాం. ఆన్‌లైన్‌లో గది 94 డాలర్లు. కౌంటర్ దగ్గర మా అత్తయ్యను చూడగానే మూడో మనిషికి ఇంకో 20 అన్నాడు. ముగ్గురమనే బుక్ చేశామని ఫోన్ చూపిస్తే, అది వెబ్‌సైటు వాళ్ల లెక్కట! కార్డు మీద 100 డాలర్లు డిపాజిట్ పట్టాడు, ఖాళీ చేశాక 65 మాత్రమే వదిలాడు. తక్కిన 35 ఎందుకయ్యా అంటే గదిలో వంట వాసన వచ్చిందట. అత్తయ్య చేసిందల్లా పులిహోర డబ్బా మూత తీయడమే. మా ఆయన గొడవెందుకులే అని కారెక్కేశారు. ఆయన మీద కోపం డిక్సన్ ఊరు దాటేదాకా తగ్గలేదు నాకు.

ప్రెయిరీ డిక్సన్‌కి దక్షిణాన, 113 హైవే మీద నుంచి మట్టిరోడ్డులోకి తిరగాలి. ప్రవేశ రుసుము లేదు. నీడా లేదు, తాగే నీళ్లూ లేవు. దూరం నుంచి చూస్తే ఉత్త గడ్డిబీడు.

అడుగున నీళ్లు ఇంకని బంకమట్టి ఉండటంతో చలికాలం వానలు గుంటల్లో నిలిచిపోతాయి. వసంతంలో అవి ఎండుతున్నకొద్దీ అంచుల వెంట పూలు వలయాలుగా విచ్చుకుంటాయి. బయట పసుపుపచ్చ గోల్డ్‌ఫీల్డ్స్, లోపల తడి బురదలో నీలం డౌనింజియా. వంగి చూడండి: పైన సన్నటి రెండు రేకులు చెవుల్లా, కింద వెడల్పాటి పెదవి, దాని మధ్య తెల్ల మచ్చ మీద పసుపు చుక్కలు. పువ్వు కింద కాడ అనిపించేది కాడ కాదు, అండాశయం.

డౌనింజియా కుటుంబంలోనే అసలు అరుదైనది లెజెనీర్ అనే మొక్క. గైడుగారు మోకాళ్ల మీద కూర్చుని మరీ చూపించారు. బురదలో వాలిపోయిన సన్నటి కాడలు, చాలా పూలకు రేకులే లేవు. అత్తయ్య "దీనికోసమా ఇంత దూరం!" అన్నారు. కాలిఫోర్నియాలో తప్ప ఎక్కడా పెరగని, ఏడాదికే బతుకు ముగిసే మొక్క అది. ఆ రాష్ట్రం నడిమి లోయ సెంట్రల్ వ్యాలీలో ఇలాంటి గుంటలు చాలావరకు పొలాల కింద, ఇళ్ల కింద పోయాయి, వాటితో పాటే ఇదీ పోతోంది. ఆ మాట విన్నాక ఆవిడ చెప్పులు విప్పి పక్కకు జరిగి నిలబడ్డారు.

రాత్రి బస అనవసరం. దగ్గర్లోని డేవిస్ ఊరి నుంచి అరగంట దారి, పొద్దున్నే బయల్దేరితే చాలు. నీళ్లు, టోపీ, పాత బూట్లు తీసుకెళ్లండి. డౌనింజియా ఏప్రిల్‌లో బాగుంటుంది. లెజెనీర్ కూడా చూడాలంటే నెలాఖరుకు పెట్టుకోండి, కానీ గైడ్ లేకుండా వెళ్తే దాని మీద కాలేసినా మీకు తెలియదు.