కారులో ఆటో ఏసీ: ఎక్కువ డబ్బు పెట్టి తీసుకోవచ్చా?

ముందే చెప్పేస్తున్నా, ఆటో ఏసీ, అంటే మనం టెంపరేచర్ నంబరు పెడితే మిగతాది అదే చూసుకునే ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్, ఉన్నంత మాత్రాన కారు ఎక్కువ చల్లబడదు. షోరూమ్‌లో పై వేరియంట్ అంటగట్టడానికి "సార్, ఇది ఆటో ఏసీ, లోపల ఐసే" అని ఊదరగొడతారు గానీ, చాలా మోడళ్లలో నాబ్ తిప్పే మామూలు ఏసీకీ దీనికీ కంప్రెసర్ ఒకటే, కండెన్సర్ ఒకటే, గ్యాస్ ఒకటే. మనం అదనంగా కట్టేది కొన్ని సెన్సర్లకి, డ్యాష్‌బోర్డ్ లోపల గాలి దారి మార్చే ఫ్లాపులు తిప్పే చిన్న మోటార్లకి, వాటిని నడిపే ఒక కంట్రోల్ యూనిట్‌కి. అయినా సరే నేను ఐదుకి నాలుగు ఇస్తున్నా.

మాది మధ్యరకం పెట్రోల్ ఎస్‌యూవీ, సింగిల్ జోన్ (కారు మొత్తానికి ఒకటే టెంపరేచర్ సెట్టింగ్), ఎక్కువగా హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీదే తిరుగుతుంది. కంపెనీ పేరు రాయట్లేదు, కింద ఒక సర్వీస్ సెంటర్ గోల ఉంది కాబట్టి.

మామూలు ఏసీలో నీలం నుంచి ఎరుపు వైపు తిప్పే నాబ్ ఉంటుంది కదా, అది టెంపరేచర్ సెట్ చేయదు. బ్లోయర్ తోసిన గాలి ముందు కూలింగ్ కాయిల్ గుండా వెళ్లి బాగా చల్లబడుతుంది, ఆ తర్వాత ఒక ఫ్లాప్ ఉంటుంది, ఆ గాలిలో ఎంత భాగం హీటర్ మీదుగా వెళ్లాలో అది తేలుస్తుంది. హీటర్ అంటే ఇంజన్ వేడి నీళ్లు తిరిగే చిన్న రేడియేటరే. నాబ్ తిప్పితే ఈ ఫ్లాప్ కదులుతుంది, అంతే. బయట ఎండ పెరిగినా మబ్బు పట్టినా ఆ ఫ్లాప్ పెట్టినచోటే ఉంటుంది, మళ్లీ మనమే తిప్పుకోవాలి. సూర్యాపేట దాకా ఒక పొజిషన్, కోదాడ దాటాక ఇంకోటి, నందిగామలో వాన పడితే మరోటి. ఆటోలో ఈ పని మోటార్ చేస్తుంది, దాంతోపాటు బ్లోయర్ స్పీడు, గాలి ముఖానికా కాళ్లకా, బయట గాలి తీసుకోవాలా లోపలిదే తిప్పాలా, ఇవన్నీ అదే చూసుకుంటుంది. ఇదేమీ నిన్నమొన్నటి వింత కూడా కాదు, అమెరికాలో కాడిలాక్ 1964లోనే ఇలాంటిది 'కంఫర్ట్ కంట్రోల్' పేరుతో ఇచ్చింది.

ఇక్కడ అందరూ తడబడే సంగతి ఒకటుంది. 24 పెడితే వెంట్ల నుంచి 24 డిగ్రీల గాలి వస్తుందనుకుంటారు. రాదు. కారు లోపల 24కి రావాలని దానర్థం, అందుకోసం మొదట్లో వెంట్ల నుంచి అంతకంటే చాలా చల్లటి గాలే వస్తుంది. రోహిణి కార్తెలో ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే చాలామంది 18కి నొక్కేస్తారు, త్వరగా చల్లబడాలని. అప్పుడు లోపలి వేడికీ మనం పెట్టిన నంబరుకీ మధ్య తేడా ఎంత పెద్దదంటే, 24 పెట్టినా 18 పెట్టినా సిస్టమ్ చేసేది ఒకటే, బ్లోయర్ ఫుల్, ఫ్లాప్ పూర్తిగా చల్లటి వైపు, లోపలి గాలే తిప్పడం. 18 పెడితే జరిగేదేంటంటే, హాయిగా అయ్యాక కూడా ఆగదు, వెనక కూర్చున్నవాళ్లు చున్నీలు కప్పుకునే దాకా తోస్తూనే ఉంటుంది. ఇంకా కిందకి వెళ్లి స్క్రీన్ మీద నంబరు బదులు 'లో' (Lo) అని పడిందా, చాలా కార్లలో ఇక కంట్రోల్ అనేదే ఉండదు, ఉన్న చలి మొత్తం వదులుతుంది. అలా వాడేవాళ్లకి మామూలు ఏసీ చాలు, డబ్బు దండగ. ఎక్కగానే అద్దాలు దించి కాస్త దూరం నడిపి, వేడిగాలి బయటికి పోయాక ఎక్కించండి, 18 నొక్కడం కంటే అదే నయం.

సెన్సర్ల సంగతి. డ్యాష్‌బోర్డ్ పైన ముందద్దం దగ్గర నల్లగా చిన్న బొడిపె ఉంటుంది, అది ఎండ సెన్సర్. లోపల టెంపరేచర్ మారకపోయినా ఛాతీ మీద ఎండ పడుతుంటే మనకి ఉక్కగానే అనిపిస్తుంది కాబట్టి, ఎండ చూసి ఇది కూలింగ్ పెంచుతుంది. మా రూటులో పొద్దున విజయవాడ వైపు వెళ్తే ఎండ ఎదురు, సాయంత్రం హైదరాబాద్ తిరిగొస్తే మళ్లీ ఎదురే, నాకు బాగా పనికొచ్చేది ఇదే. మబ్బు అడ్డం రాగానే కాసేపటికి బ్లోయర్ తగ్గడం వినిపిస్తుంది కూడా. అయితే మన కార్లలో డ్యాష్‌బోర్డ్ మీద చోటు ముందే బుక్ అయిపోయి ఉంటుంది, వినాయకుడు, పక్కన సెంటు సీసా, కింద వెల్వెట్ మ్యాట్. సెన్సర్ వాటి కింద పడితే కారుకి మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. స్వామిని కొంచెం పక్కకి జరపండి, ఏమీ అనుకోడు.

రెండోది స్టీరింగ్ దగ్గరో ఏసీ ప్యానెల్ పక్కనో చిన్న జాలీలా ఉంటుంది. దాని వెనక ఒక బుల్లి ఫ్యానో గొట్టమో లోపలి గాలిని మెల్లగా పీలుస్తూ ఉంటుంది, టెంపరేచర్ కొలిచేది అక్కడే. ఆ జాలీలో దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు, ఎండకి కాలిన డ్యాష్‌బోర్డ్ వేడినే కారు వేడి అనుకుని బ్లోయర్ తగ్గించదు. మెత్తటి బ్రష్‌తో అప్పుడప్పుడు తుడిస్తే చాలు. మూడోది ముందు బంపర్ వెనక, బయటి వేడికి. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో మీటర్ మీద నంబరు ఎగబాకితే కంగారు పడకండి, అది ముందు బండి పొగ, మన రేడియేటర్ వేడి కలిసి చూపించే అంకె, రోడ్డు ఖాళీ అయితే దిగిపోతుంది. ఇంకోటి కూలింగ్ కాయిల్ మీదే ఉంటుంది, మంచు కట్టకుండా సున్నా దగ్గరికి రాగానే చలి తగ్గించమంటుంది, కానీ ఇది మామూలు ఏసీలో కూడా ఉంటుంది.

ఇప్పుడు తిట్టాల్సినవి. వెనక సీటు. సింగిల్ జోన్‌లో కొలిచేది ముందు సీట్ల దగ్గరే కాబట్టి, ముందు హాయిగా ఉంటే అందరూ హాయిగా ఉన్నట్టే దాని లెక్క. నాన్న వెనక నుంచి "ఒరేయ్, ఇక్కడ గాలే రావట్లేదురా" అంటుంటే స్క్రీన్ మీద మాత్రం నిక్షేపంగా 24. వెనక వెంట్లు లేని కారైతే ఆటో ఏసీ కోసం అదనంగా ఇచ్చే డబ్బు వెనకవాళ్లకి అందదు.

వానాకాలం ఇంకో తలనొప్పి. లోపలి గాలే తిరుగుతుంటే మన ఊపిరి తేమతో అద్దాలు లోపల మసకబారతాయి, అప్పుడు ముందద్దం బొమ్మ ఉన్న బటన్ నొక్కాలి, చాలా కార్లలో అది ఏసీ వేసి బయట గాలి తీసుకుంటుంది. చల్లబడిన గాలిలో తేమ తగ్గిపోతుంది, అందుకే అద్దం తేటపడుతుంది. కోస్తాలో ఉక్కపోత రాత్రుల్లో మాత్రం మసక బయట వైపు పడుతుంది, చలి ఎక్కువై అద్దం చల్లబడినందువల్ల. దానికి ఆ బటన్ కాదు, వైపర్ వేసి టెంపరేచర్ పెంచాలి. శీతాకాలం లంబసింగి వెళ్లినప్పుడు కారు స్టార్ట్ చేస్తే బ్లోయర్ నీరసంగా తిరిగితే అది జబ్బు కాదు, ఇంజన్ వేడెక్కేదాకా చల్లగాలి మొహాన కొట్టకూడదని ఆగుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో ఇంజన్ వేడి లేదు, హీటర్ కూడా బ్యాటరీ మీదే, కానీ కంప్రెసర్ కూడా బ్యాటరీతోనే తిరుగుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర మన పెట్రోల్ బండ్లలా కూలింగ్ పడిపోదు.

సర్వీస్ గోల ఇదీ. ఉన్నట్టుండి చలి వేడి మార్చి మార్చి రావడం, స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డ్ లోపల టక్ టక్ మని చప్పుడు. సర్వీస్ సెంటర్‌లో చప్పుడు విననైనా వినకుండా "గ్యాస్ అయిపోయింది సార్" అని నింపి బిల్లు చేతిలో పెట్టారు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదండీ, అది మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టు, లీకు చూపించకుండా గ్యాస్ నింపితే ఊరుకోకండి. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఏసీ మెకానిక్ చప్పుడు విని, ఫ్లాప్ మోటార్‌లో ప్లాస్టిక్ పళ్లు అరిగాయని తేల్చాడు. పార్ట్ పెద్ద ఖరీదేం కాదు, అది ఉన్నచోటుకి చేరడానికే సగం డ్యాష్‌బోర్డ్ విప్పాలి. మామూలు నాబ్ ఏసీలో ఈ మోటారే లేని బండ్లు చాలా ఉన్నాయి, ఒక స్టార్ కోసింది దీనికే.

కొత్త మోడళ్లలో టెంపరేచర్ కూడా టచ్‌స్క్రీన్‌లోకి తోసేస్తున్నారు, హైవే మీద వేలుతో వెతుక్కోవాలి. విడిగా బటన్లు లేని కారు నేనైతే కొనను.

ఊళ్లోనే పది నిమిషాల తిరుగుడైతే ఆటో జోలికి పోవద్దు, లోపల చల్లబడేసరికి దిగిపోతారు. దూరాలు ఎక్కువ, ఎండలో ఎక్కువ అనేవాళ్లు తీసుకోండి. టెస్ట్ డ్రైవ్ మాత్రం మధ్యాహ్నం అడగండి, నీడలో పెట్టిన కారు కాదు, ఎండలో ఎండినది. 24 పెట్టి ఆటో నొక్కి, నడపడం ఇంకెవరికైనా ఇచ్చి మీరు వెనక సీట్లో కూర్చోండి.