తొలి గ్లైడర్ పోటీకి నారోమైనా, బెనల్లానా?

ఆస్ట్రేలియాలో గ్లైడర్ (ఇంజిన్ సాయం లేకుండా గాలిలో తేలే విమానం) పోటీలకు పేరుపడ్డ ఊళ్లలో విక్టోరియాలోని బెనల్లా, న్యూ సౌత్ వేల్స్‌లోని నారోమైన్ ముఖ్యమైనవి. ప్రపంచ పోటీలు బెనల్లాలో 1987, 2017లలోనూ, నారోమైన్‌లో 2023లోనూ జరిగాయి. అయితే మొదటిసారి పోటీకి దిగేవారు ఈ ఖ్యాతి కంటే ముందు రెండు విషయాలు చూసుకోవాలి: గ్లైడర్‌ను పైకి లేపే వేడిగాలి ప్రవాహాలు, అంటే థర్మల్స్, దొరక్కపోతే ఎక్కడ దిగగలం, దిగిన గ్లైడర్‌ను తీసుకెళ్లే ట్రైలర్‌తో మనకోసం ఎవరు వస్తారు.

ఈ లెక్కన నా ఓటు నారోమైన్‌కే. డబ్బో పట్టణానికి పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరి చుట్టూ కనుచూపు మేర చదును పొలాలే. గోధుమ కోత అయిపోయిన పొలం దొరికితే నిశ్చింతగా దిగవచ్చు. భయమల్లా ఒంటి తీగ కరెంటు లైన్లతోనే. పైనుంచి తీగ కనబడదు కాబట్టి స్తంభాలనే వెతకాలి. నేను దిగిన ఒక పొలంలో ఒక స్తంభం గట్టు మీద స్పష్టంగా ఉంది, రెండోది యూకలిప్టస్ చెట్ల మధ్య కలిసిపోయింది. రైతు ఇంటికి కరెంటు ఎటునుంచి వస్తోందని ఆలోచించాకే అది నా కంటపడింది.

బస విషయంలో విమానాశ్రయం పక్కనే ఉన్న టూరిస్ట్ పార్క్‌ను మించింది లేదు, కానీ పోటీల రోజుల్లో ముందే బుక్ చేసుకోవాలి. డబ్బోలో ఉంటే, ఎక్కడో దిగిన గ్లైడర్‌ను చీకటి పడే వేళకు తెచ్చుకుని, కంగారూలు రోడ్డెక్కే సమయంలో మళ్లీ కారు నడపాలి. పల్లె హోటళ్లలో వంటగది త్వరగా మూసేస్తారు గనుక రాత్రికి ఏదో ఒకటి దగ్గర ఉంచుకోవాలి. ఆ ఎండలకు మా పులిహోర బాగా ఆగింది.

బెనల్లాకు మెల్‌బోర్న్ నుంచి రైలు ఉంది, క్లబ్బు ఆవరణలోనే బస దొరుకుతుంది, ఊరూ దగ్గరే. కానీ తూర్పున అడవి కొండలు మొదలవుతాయి, అక్కడ దిగే చోటు దొరకడం కష్టం. అందుకని సాధనకు బెనల్లా, పోటీకి నారోమైన్ అన్నది నా సలహా.

వీలైతే మొదటి పోటీలో అనుభవజ్ఞులతో రెండు సీట్ల గ్లైడర్‌లో ఎగరండి. ఒంటరిగా ఎగిరితే ఏరియా టాస్క్ (ఒక్కో బిందువుకు బదులు వలయాలను చుట్టి వచ్చే పందెం) ఇచ్చిన రోజులు కలిసివస్తాయి, ఎందుకంటే నిర్ణీత వలయంలోకి వెళ్లాక ఎక్కడ వెనుదిరగాలో మీరే నిర్ణయించుకోవచ్చు. పందెం స్టార్టుకు ముందు గాలిలో ఒకే థర్మల్‌లో పదిమంది తిరుగుతుంటారు. ముందున్నవారు తిరిగే దిక్కునే చేరాలి, దగ్గరికొచ్చే గ్లైడర్ల గురించి హెచ్చరించే ఫ్లార్మ్ పరికరం కూతను నమ్ముకుని బయటికి చూడడం మానకూడదు. గ్రిడ్‌లో, అంటే ఎగరడానికి గ్లైడర్లను బారులు తీర్చే చోట, వంతు కోసం గంటల తరబడి ఎండలో నిలబడాలి కాబట్టి, విమానంలో పెట్టుకునే నీళ్లు కాక, నేల మీద తాగడానికి వేరుగా మరికొన్ని తెచ్చుకోండి.