గ్రీసు, తుర్కీ, ఈజిప్టు: పూచీ మీద పుట్టిన అప్పుల్లో ఏది మేలు?

19వ శతాబ్దపు అప్పుల గురించి ఎప్పుడు రాసినా పాఠకుల నుంచి ఒకటే ప్రశ్న వస్తోంది. పెద్ద దేశాలు పూచీ పడి ఇప్పించిన అప్పుల్లో, తీసుకున్న దేశానికి ఏది మేలు చేసింది? 1832 నాటి గ్రీసుదా, 1855 నాటి తుర్కీదా, 1885 నాటి ఈజిప్టుదా?

చాలామంది ముందుగా వడ్డీ చూస్తారు. వడ్డీయే లెక్కయితే తుర్కీ ఉదాహరణ నిజంగా కళ్ళు చెదరగొడుతుంది. రష్యాతో క్రిమియా యుద్ధం నడుస్తుండగా 1854లో ఆ దేశం ఎవరి హామీ లేకుండా లండన్‌లో 30 లక్షల పౌండ్లకు బాండ్లు అమ్మింది. వంద పౌండ్ల బాండుకు చేతికొచ్చింది 80. వడ్డీ మాత్రం వంద మీదే, ఏటా 6. అంటే అసలు వడ్డీ ఏడున్నర శాతం. మరుసటి ఏడాది బ్రిటన్, ఫ్రాన్స్ ఉమ్మడిగా హామీ ఇచ్చాయి. ఈసారి 50 లక్షల పౌండ్లు, వడ్డీ 4 శాతం. వంద బాండు 102కి పైనే పలికింది! సుల్తాను మారలేదు, ఖజానా మారలేదు, యుద్ధమూ ఆగలేదు. మారిందల్లా షూరిటీ సంతకాలే. బ్రిటన్ వైపు నుంచి ఆ సంతకం అంత తేలిగ్గా పడలేదు. కామన్స్ సభలో 135–132, మూడే ఓట్ల తేడాతో గట్టెక్కింది.

కానీ నా దృష్టిలో వడ్డీ రెండో సంగతి. ఆ డబ్బు ఎక్కడికి పోయింది, తిరిగి కట్టే శక్తిని పెంచే పని ఏదైనా దానితో జరిగిందా అన్నదే అసలు తేల్చే విషయం. ఆ లెక్కన తుర్కీకి మిగిలింది తక్కువ. డబ్బంతా యుద్ధం మింగేసింది. ఆ తర్వాత అప్పు మీద అప్పు చేస్తూ పోయి, మొత్తం 20 కోట్ల పౌండ్ల దరిదాపుల్లో ఉండగా, 1875లో వడ్డీ సగమే రొక్కంగా ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. హామీ అప్పు ఒక్కటే దీనికి కారణం అనను. చౌకగా దొరికిన ఆ డబ్బుతో ఆదాయం తెచ్చే కాలువో రైలుదారో ఒక్కటీ రాలేదన్నదే నా బాధ.

గ్రీసు పరిస్థితి ఇంకా ఘోరం. అప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన దేశం. బవేరియా రాకుమారుడు ఒట్టోను రాజుగా పంపుతూ బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా 6 కోట్ల ఫ్రాంకుల అప్పుకు పూచీ పడ్డాయి. ఒక్కొక్కరి బాధ్యత మూడో వంతుకే. డబ్బు కూడా విడతల్లోనే వదలాలి, అందుకే మూడో విడత రాజు మెడలు వంచే సాధనంగా మారింది. ఇక వచ్చిన డబ్బు? కోటికి పైగా ఫ్రాంకులు సరిహద్దు భూములకు పరిహారంగా తుర్కీకి పోయాయి. రాజుతో వచ్చిన బవేరియా సైన్యానికి కొంత, ఆ అప్పు మీది వడ్డీకే మరికొంత! యుద్ధంలో కాలిపోయిన ఊళ్ళకు దక్కింది ఏపాటి? 1843లో ఇక కట్టలేమని చేతులెత్తేస్తే హామీదారులే కట్టి, ఖర్చులు తగ్గించమని ఒత్తిడి తెచ్చారు. ఆ సెప్టెంబరులోనే ఏథెన్స్‌లో సైనికులు, జనం రాజభవనాన్ని చుట్టుముట్టి రాజ్యాంగం కావాలని పట్టుబట్టారు.

ఈజిప్టుది వేరే దారి. 1882 నుంచి దేశం బ్రిటిష్ సైన్యం చేతిలో ఉంది. 1885 మార్చిలో లండన్‌లో ఆరు దేశాలు (బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, ఇటలీ, రష్యా) 90 లక్షల పౌండ్లకు పూచీ పడ్డాయి. వడ్డీ 3 శాతం. ఇందులోనూ అన్యాయం ఉంది. 1882లో అల్లర్లు, బ్రిటిష్ నౌకల ఫిరంగులు, మంటల మధ్య అలెగ్జాండ్రియా నాశనమైతే, ఆస్తులు పోయినవాళ్ళకు పరిహారం ఈ అప్పులోంచే ఇచ్చారు. అంటే ఆ భారమూ ఈజిప్టు రైతు మీదే. పాత లోటు పూడ్చడానికి ఇంకొంత పోయింది.

అయినా 10 లక్షల పౌండ్లు నీటిపారుదలకు పక్కన పెట్టారు. నా ఓటు దీనికి పడటానికి ఆ తొమ్మిదో వంతే కారణం. కైరోకు దిగువన, నైలు రెండు పాయలుగా చీలే చోట ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ కాలంలో మొదలైన బ్యారేజీ ఒకటుంది. కట్టాక నీళ్ళు నిలబెడితే 1867లో పగుళ్ళిచ్చింది. అప్పటి నుంచీ ఉన్నా లేనట్టే. భారతదేశంలో కాలువల పని చేసి వెళ్ళిన స్కాట్-మాంక్రీఫ్, అలాంటి అనుభవమే ఉన్న ఇంజనీర్లతో కలిసి దాన్ని బాగుచేయించాడు. 1890కల్లా పని పూర్తయింది. నది మట్టం తగ్గే ఎండాకాలంలోనూ డెల్టా కాలువలకు నీళ్ళందాయి, పత్తి పంట నిలబడింది. ధవళేశ్వరం ఆనకట్టకు ముందు గోదావరి డెల్టా ఎలా ఉండేదో, తర్వాత ఎలా మారిందో తెలిసిన మనకు ఆ తేడా విలువ వివరించనక్కర్లేదు. ఈజిప్టు ఖజానా తేరుకోవడంలో ఆ నీటికి పెద్ద వాటానే ఉంది.

1898లో గ్రీసుకు మళ్ళీ ఒక హామీ అప్పు దొరికింది. 1897 యుద్ధంలో ఓడి తుర్కీకి పరిహారం కట్టడానికి తీసుకున్నది. ఆరు దేశాల కమిషన్ ఏథెన్స్‌లో కూర్చుని పన్నుల రాబడిని చూసుకుంది. మేలు లెక్కలో దీన్ని చేర్చను.

అప్పిచ్చినవాళ్ళ వైపు నుంచి అడిగితే మాత్రం నా జవాబు మారుతుంది, 1855 తుర్కీ అప్పే మేలంటాను. గ్రీసులోలా వాటాలు విడగొట్టలేదు. ఒకరు తప్పుకున్నా రెండోవారు మొత్తానికీ బాధ్యులే. తుర్కీ మిగతా అప్పుల్లో చాలావాటికి 1881లో కోత పెట్టి కొత్త ఒప్పందం కుదిర్చినా, దీన్ని అందులో కలపలేదు.