విప్పుల్ పరిశోధనను మూలంలోనే చదివించే పబ్‌మెడ్ సెంట్రల్

మా మేనమామగారికి క్లోమగ్రంథి తలభాగంలో గడ్డ ఉందని తేలిన రోజున, సర్జన్‌గారు మందుల చీటీ వెనక్కి తిప్పి జీర్ణాశయం, ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం), పైత్యరస నాళం గీసి, వాటి మీదుగా ఒక అడ్డగీత లాగి, "విప్పుల్స్ చేయాలి" అన్నారు. క్లోమం తలభాగాన్ని, ఆంత్రమూలాన్ని తొలగించే ఆపరేషన్ అది. ఆ పేరు ఎవరిదో, ఆ గీత సరిగ్గా అక్కడే ఎందుకు పడిందో తెలుసుకోవాలని వెతుకుతూ పబ్‌మెడ్ సెంట్రల్‌కు చేరాను. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 2000లో ప్రారంభించి ఉచితంగా నడుపుతున్న ఈ భాండాగారాన్ని వైద్యుడు కాని పాఠకుడు ఎంతవరకు వాడుకోగలడన్నదే ఈ సమీక్ష.

పబ్‌మెడ్‌లో వ్యాసాల వివరాలు మాత్రమే దొరుకుతాయి, సెంట్రల్‌లో పూర్తి పాఠం ఉంటుంది. ఈ తేడా మొదట తెలిస్తే సగం శ్రమ తప్పుతుంది. ఇంటిపేరు కొట్టి, దాని పక్కన పేరులోని పొడి అక్షరాలు తప్పక చేర్చాలి. లేకపోతే 1934లో నోబెల్ పొందిన జార్జ్ విప్పుల్ వ్యాసాలు వచ్చి పడతాయి. పేగులకు వచ్చే 'విప్పుల్ వ్యాధి' ఆయన పేరు మీదిది. మన శస్త్రచికిత్సకుడు అలెన్ ఓల్డ్‌ఫాదర్ విప్పుల్ వేరు. 1881లో పర్షియాలోని ఉర్మియాలో మిషనరీ దంపతులకు పుట్టి, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1921 నుంచి 1946 వరకు సర్జరీ ఆచార్యుడిగా పనిచేసినవాడు.

ఆయన పరిశోధనలో కీలకమైన భాగం 'ఆనల్స్ ఆఫ్ సర్జరీ' అనే వైద్య పత్రిక పాత సంచికల్లో ఉంది, ఆ సంచికలన్నీ ఇక్కడ ఉన్నాయి. 1935లోనే రెండు ముఖ్యమైన వ్యాసాలు కనిపిస్తాయి. వర్జీనియా ఫ్రాంట్జ్‌తో కలిసి రాసిన మొదటిది ఇన్సులిన్‌ను మితిమీరి స్రవించే గడ్డల గురించినది. ఉపవాసంలో స్పృహ తప్పడం వంటి లక్షణాలు రావడం, అప్పుడు రక్తంలో చక్కెర డెసిలీటరుకు 50 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉండడం, గ్లూకోజ్ ఇవ్వగానే తేరుకోవడం అనే 'విప్పుల్ త్రయం' ఈ పరిశోధన నుంచి వచ్చిందే.

రెండవది, పార్సన్స్, మల్లిన్స్‌లతో కలిసి రాసినది, 763వ పేజీలో మొదలవుతుంది. ముగ్గురు రోగుల కథ అది. కామెర్లున్న రోగికి రక్తం ఆగదు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె ఇంకా చికిత్సలోకి రాలేదు. అందుకే ముందు పైత్యరసానికి దారి మళ్లించి, రోగి కోలుకున్నాక రెండవ విడతలో ఆంత్రమూలాన్ని, క్లోమం తలభాగాన్ని తొలగించారు. మిగిలిన క్లోమం కోసిన చివరను పేగుకు కలపకుండా మూసి కుట్టేశారు. గొర్రె పేగులతో చేసే క్యాట్‌గట్ దారాన్ని క్లోమరసం అరిగించేస్తుంది కనుక విప్పుల్ పట్టుదారానికి మారారు. మన ఇళ్లలో పెళ్లిచీరకు తప్ప గుర్తురాని పట్టు ఈ ఆపరేషన్‌కు ఆధారమైందని నేను ఊహించలేదు.

1940 మార్చిలో జీర్ణాశయ క్యాన్సర్ అనుకుని పొట్ట కోసిన రోగిలో గడ్డ క్లోమంలో బయటపడింది. కామెర్లు లేవు కనుక అన్నీ ఒకే విడతలో ముగించారు. 1941లో అదే పత్రికలో వచ్చిన నాలుగు పేజీల వ్యాసం ఆ మార్పు తరువాతి ఆలోచనను చూపుతుంది. తన పద్ధతిని తానే సవరించుకున్న మనిషిని పాఠ్యపుస్తకం ఒక పేరుగా కుదించేసింది. ఈ భాండాగారం ఆ సవరణలను తేదీల వరుసలో మన ముందు పెడుతుంది. నా దృష్టిలో దీని విలువ అంతా ఇక్కడే ఉంది.

పరిమితులు లేకపోలేదు. ఇతర పత్రికల్లో వచ్చినవి, ముఖ్యంగా ఆయన మరణించిన 1963లోనే అచ్చయిన జ్ఞాపకాల వ్యాసం, ఇక్కడ ఆశించకూడదు. బెర్లిన్‌లో 1909లోనే కౌష్ అనే సర్జన్ ఇలాంటి ఆపరేషన్ చేశారన్న సంగతి కూడా విడిగా వెతికితేనే తెలుస్తుంది. పాత పేజీలు అచ్చు ప్రతికి తీసిన ఛాయాచిత్రాలు కాబట్టి ఫోన్ మీద కంటే పెద్ద తెర మీద చదవడం మేలు.

విప్పుల్ తన జీవితకాలంలో చేసిన ఈ ఆపరేషన్లు 37 మాత్రమేనని చెబుతారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో జాన్ కామెరాన్ ఒక్కరే చేసిన వెయ్యి ఆపరేషన్ల లెక్క, 2006 నాటి అదే 'ఆనల్స్'లో, ఉచితంగానే దొరుకుతుంది; అందులో మరణాలు ఒక్క శాతం. మేనమామగారి ఆపరేషన్‌కు ముందు రాత్రి అత్తయ్యకు నేను చదివి వినిపించినది ఆ అంకె ఉన్న పేజీనే.