వేళ్లు కొలిచి హార్మోన్ కోర్సు అమ్ముతున్నారు, జాగ్రత్త

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు దగ్గరలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో నేను గత నెల 18,500 రూపాయలు పోగొట్టుకున్నాను. ఇటువంటి సమస్య గురించి మగవాడు బయట నోరు విప్పడన్న ధీమాతోనే ఆ వ్యాపారం సాగుతోందని అర్థమైంది కనుక ఇది రాస్తున్నాను.

అంగస్తంభన సమస్యతో వెళ్లిన నాకు అక్కడ ఒక్క రక్తపరీక్ష కూడా రాయలేదు. కుడిచేతి చూపుడు వేలిని, ఉంగరపు వేలిని స్కేలుతో కొలిచి, నేను తల్లి కడుపులో ఉన్నప్పుడే టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ సరిగా అందలేదని, ఆ లోటును ఆరు నెలల కోర్సుతో పూడుస్తామని చెప్పారు. ఆ మాట నమ్మి, ఊళ్లో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి, నేను కడుపులో ఉండగా ఏ మందులు వాడావని అడిగాను. ఆమె రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ నష్టం ఏ బిల్లులోనూ లేదు.

వాళ్లు చెప్పినదంతా అబద్ధమైతే నేను అంత తేలికగా మోసపోయేవాణ్ని కాను. మగ శిశువు జననాంగాల రూపకల్పనకు గర్భంలో సుమారు 8 నుంచి 14 వారాల మధ్య పనిచేసే టెస్టోస్టిరాన్ కీలకమన్నది నిజమే. గర్భస్రావం కాకుండా ఉండేందుకని అమెరికాలో 1971 వరకు గర్భిణులకు ఇచ్చిన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్ (స్త్రీ హార్మోన్) వల్ల, వారికి పుట్టిన కొందరు మగపిల్లల్లో వృషణాలు సంచిలోకి దిగకపోవడం, వృషణాల వెనుక నీటితిత్తులు ఏర్పడటం వంటివి కనిపించాయి. చూపుడు వేలు, ఉంగరపు వేలు పొడవుల నిష్పత్తికీ గర్భంలోని టెస్టోస్టిరాన్‌కూ ఉన్న సంబంధం మీద కూడా 1998 నుంచి చాలా పరిశోధనలు వచ్చాయి. అయితే ఆ తేడాలు పెద్ద గుంపుల సగటులో కనిపించేవే తప్ప, ఎదుట కూర్చున్న ఒక మనిషి వేళ్లు చూసి అతని రోగాన్ని నిర్ధారించడానికి పనికిరావు. పైగా గర్భంలో గడిచిపోయిన ఆ వారాలను నలభై ఏళ్ల వయసులో మింగే క్యాప్సూల్ వెనక్కి తేలేదు.

తర్వాత కలిసిన యూరాలజిస్టు ఉదయం పూట, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించారు. అది మామూలుగానే ఉంది. బయటపడింది షుగరు. రక్తనాళాలను, నరాలను దెబ్బతీసే మధుమేహం ఈ సమస్యకు అతి సాధారణ కారణాల్లో ఒకటని, కోర్సు అమ్మిన చోట కనీసం ఆ పరీక్ష కూడా చేయలేదా అని ఆయన ఆశ్చర్యపోయారు.

నాకిచ్చిన సీసాల మీద దినుసుల పేర్లు లేవు. మూలికల పేరుతో అమ్మే ఇటువంటి క్యాప్సూళ్లలో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) రహస్యంగా కలిపిన సందర్భాలు ఎన్నో దేశాల్లో బయటపడ్డాయి. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు అది తెలియక మింగితే రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. ఇక టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తామంటే, పిల్లలు కావాలనుకునేవారు మరీ జాగ్రత్తపడాలి, అది వీర్యకణాల ఉత్పత్తినే అణచివేస్తుంది.

లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మాయా చికిత్సల చట్టం నిషేధిస్తోంది. బిల్లులో మందు పేరుకు బదులు ‘వెల్‌నెస్ ప్యాకేజీ’ అని రాస్తే అక్కడే నిలదీయండి; నేను ఆ పని చేయకపోవడం వల్ల, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఏం కొన్నానో చూపడమే కష్టమైంది. విప్పని రెండు సీసాలను మాత్రం పారేయకుండా, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు అప్పగించడానికి దాచి ఉంచాను.